మందు పశువుతో ఆగదు
(పాడి రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పాడి పశువులలో పొదుగువాపు వ్యాధి గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. అయితే ఆ జబ్బుకు మనము వాడే యాంటిబయాటిక్ మందు పశువు ఒంట్లోనుండి బయటికి వచ్చిన తరువాత ఎక్కడికి పోతున్నదో కూడా ఈ రోజు చెప్పవలసి ఉన్నది. ఇన్నేళ్లుగా జబ్బుకు ఏ మందు వాడవలెనో చెప్పాము గాని, ఈ రెండవ సంగతి మీకు సరిగా చెప్పలేదు. అది మా లోపమే.

మొన్న చలికాలములో ఒక పాడి రైతు తన ముర్రా గేదెను చూడమని నన్ను తీసుకుపోయినాడు. రెండవ ఈత గేదె, పూటకు 5 లీటర్లు ఇచ్చేది. ఈనిన నెలలోపే ఒక చనుకట్టు గట్టిపడి పాలు విరిగినట్లు వచ్చినవి. ఆయన అంగడిలో అడిగి ఒక సూది మందు తెచ్చి రెండు రోజులు వేయించినాడు. వాపు తగ్గగానే ఆపివేసినాడు. ఇరవై రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి వేరొక మందు, మళ్లీ రెండు రోజులు. మూడవసారి రెండు చనుకట్లకు పాకింది. అప్పుడు గాని పాల నమూనా పరీక్షకు పోలేదు. ఆ పరీక్ష ఎట్లా చేస్తారో చెబుతాను. గాజు పళ్లెములో పాలలోని క్రిములను పెంచి, వాటి మధ్య ఒక్కొక్క మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టు క్రిములు చచ్చి ఖాళీ వలయము ఏర్పడుతుంది. ఈ గేదె పాలకు పెట్టిన ఆరు బిళ్లలలో నాలుగింటి చుట్టు వలయమే లేదు. క్రిములు బిళ్ల అంచు దాకా పచ్చిక మొలిచినట్లు మొలిచినవి. రెండు చనుకట్లు శాశ్వతముగా ఎండిపోయినవి. అప్పు చేసి కొన్న గేదెను ఆ రైతు సగము ధరకు కూడా అమ్ముకోలేకపోయినాడు.

నేను వెళ్లిన రోజున ఇంకొక సంగతి చూశాను. మందు వేసిన గేదె పాలు డెయిరీకి పోయకూడదని ఆయనకు తెలుసు. అందుచేత వాటిని దూడలకు తాగిస్తున్నాడు. పాలు వృథా కాలేదని ఇంటిల్లిపాదీ సంతోషపడుతున్నారు. ఆ దూడల పేడ పెంటకుప్ప మీద, పెంటకుప్ప బావికి పదిహేను అడుగుల దూరములో.

మందుకు క్రిమి లొంగకపోవడము ఎట్లా వస్తుందో పత్తి పండించేవారికి వేరుగా చెప్పనక్కర లేదు. 1987-88 లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో మందు మీద మందు కొట్టినా పత్తి పురుగులు చావక రైతులు కుప్పకూలినారు. తరువాత బిటి పత్తి వచ్చింది. కొన్నేళ్లు పురుగు పీడ లేదనుకున్నాము. గులాబి రంగు పురుగు ఆ కాయలను కూడా మళ్లీ తొలిచింది. మందుకు చావక మిగిలిన పురుగుల సంతానమే చేనంతా నిండుతుంది. క్రిములలోను ఇదే జరుగుతుంది. తేడా ఒక్కటే, కాని ఆ తేడా చాలా పెద్దది. పురుగు తన శక్తిని తన పిల్లలకు మాత్రమే ఇవ్వగలదు. క్రిమి అట్లా కాదు. పక్క చేను రైతు దగ్గర మంచి విత్తనము అడిగి తెచ్చుకున్నట్లు, మందును తట్టుకునే గుణాన్ని వేరే జాతి క్రిమి దగ్గర నుండి కూడా తెచ్చుకుంటుంది. ఆ గుణము ఉంగరము వంటి ఒక చిన్న జన్యు పోగులో ఉంటుంది. దానిని ఒక క్రిమి మరొక క్రిమికి అందిస్తుంది. రక్తవిరేచనాల క్రిమి నుండి మామూలు పేగు క్రిమికి ఈ గుణము దాటిపోతున్నదని 1959 లోనే జపాను శాస్త్రజ్ఞులు కనిపెట్టినారు. కాబట్టి పేడలో ఉండే, ఏ జబ్బూ చేయని క్రిమి కూడా మనకు శత్రువు కావచ్చు. అది ఆ విత్తనాన్ని దాచి పెట్టుకుని, రేపు మీ ఇంటి పసిపాప పేగులో చేరిన జబ్బు క్రిమికి అందించగలదు.

మందు ఎక్కడికి పోతున్నదో ఇప్పుడు చూద్దాము. పశువుకు, కోడికి ఇచ్చిన యాంటిబయాటిక్కు అంతా ఒంట్లో అరిగిపోదు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో సగానికి మించి మందు మందుగానే పేడలో, మూత్రములో బయటికి వస్తుంది. అది పెంటకుప్పలో చేరి, పొలములో పడి, వానకు కొట్టుకుపోయి కుంటలో కలుస్తుంది. అక్కడ మందు చాలా పలచన అయిపోతుంది గనుక ప్రమాదము లేదని పూర్వము అనుకునేవారము. అది పొరపాటు. క్రిమిని చంపడానికి కావలసిన మోతాదులో నూరవ వంతు కన్న తక్కువ మందు ఉన్నా, ఆ చోట లొంగే క్రిములు వెనుకబడి లొంగనివి పైకి వస్తాయని పరీక్షలలో తేలింది. చాలీచాలని మోతాదు క్రిములకు మందును తట్టుకోవడము నేర్పుతుందని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945 లో నోబెల్ బహుమానము అందుకుంటూ హెచ్చరించినాడు. ఆయన చెప్పినది మనిషి ఒంటి గురించి. నేల, నీరు కూడా ఆ బడిలోనివే అని మనకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇక మన పటాన్‌చెరు సంగతి. ఈ సభలో మంజీర ఒడ్డు వారు ఉన్నారు, నక్కవాగు ఒడ్డు వారు ఉన్నారు. ఆ వాగు నీరు ఎట్లా మారిందో నాకన్న మీకే బాగా తెలుసు. 1970 ల తరువాత కర్మాగారాలు పెరిగినవి, బావులు రంగు మారినవి. 1990 నాటికి ఆ వ్యవహారము సుప్రీం కోర్టుకు ఎక్కింది. అయితే ఆ నీటిలో ఏమున్నదో అంకెలతో లోకానికి తెలిసినది 2007 లో. సుమారు 90 మందుల కర్మాగారాల మురుగును శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రము నుండి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించినారు. శుద్ధి అయిన తరువాతి నీరు సుమా. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నది. ఆ మందు బిళ్ల మింగిన రోగి రక్తములో ఉండే దానికన్న ఇది ఎక్కువ. ఒక్క రోజులో ఆ కాలువ వెంట పోయిన సిప్రోఫ్లాక్ససిన్ సుమారు 45 కిలోలని లెక్క కట్టినారు. 90 లక్షల జనము ఉన్న స్వీడన్ దేశమంతా అయిదు రోజులలో వాడే మందు అది! ఆ నీరు ఇసకవాగులో, అక్కడి నుండి నక్కవాగులో, చివరకు మంజీరలో కలిసేది. తరువాతి పరీక్షలలో చుట్టుపక్కల చెరువులలోను, పల్లెల బావులలోను కూడా మందుల జాడ కనిపించింది.

ఆ తరువాత 18 కిలోమీటర్ల గొట్టము వేసి, ఆ కేంద్రపు నీటిని హైదరాబాదు మురుగు కాలువలోకి, అంబర్‌పేట శుద్ధి కేంద్రము వైపు మళ్లించినారు. అంటే నక్కవాగు భారము కొంత మూసీ మీద పడింది. మూసీ నీటితో పండే పారా గడ్డి ఎవరు మేస్తారు? హైదరాబాదు పాడి గేదెలే. ఇట్లా ఒక ఊరి వాగు నుండి తీసి మరొక ఊరి నదిలో కలిపితే సమస్య తీరినట్లు కాగితము మీద కనిపిస్తుంది. నేను శాస్త్రము చదువుకున్నవాడినే గాని ఇంజనీరును కాను. అయినా, కర్మాగారపు గోడ దాటక ముందే మందును నీటి నుండి తీయవలెను గాని, దాటిన తరువాత వెంటబడితే దొరకదని మాత్రము గట్టిగా చెప్పగలను. కర్మాగారపు మురుగులో ఏ యాంటిబయాటిక్కు ఎంత మించకూడదో హద్దు పెడుతూ కేంద్ర ప్రభుత్వము 2020 జనవరిలో ముసాయిదా నియమాలు ప్రకటించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నియమాలలో ఆ హద్దులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో ఇటువంటి మురుగుకు హద్దులు సూచిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. ఈ విషయములో గ్రామసభ తీర్మానము, జిల్లా అధికారులకు వ్రాతమూలకమైన ఫిర్యాదు, నీటి నమూనా పరీక్షకు పట్టుబట్టడము, ఇవన్నీ మీ హక్కులు. వాగులో అర్ధరాత్రి టాంకరు ఖాళీ చేయడము చూస్తే ఊరుకోవద్దు. తేదీ, వేళ, బండి నంబరు వ్రాసి పెట్టుకొనవలెను.

కర్మాగారము వైపు వేలు చూపించినప్పుడు మన వైపు కూడా చూసుకొనవలెను గదా. ముందు నా సంగతే చెబుతాను. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు కనిపించిందని రైతు వస్తే, పది లీటర్ల నీటికి ఒక గ్రాము స్ట్రెప్టోసైక్లిన్ కలిపి కొట్టమని నేను ఎన్నోసార్లు చెప్పాను. నిమ్మలో గజ్జి తెగులుకు, దానిమ్మలో మచ్చ తెగులుకు అదే మాట. ఆ పొట్లములో ఉన్నది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. స్ట్రెప్టోమైసిన్ క్షయ రోగుల ప్రాణాలు నిలిపిన మందు. దానిని ఎకరాల కొద్దీ చల్లించినాము. ఎండాకు తెగులు దానితో నిజముగా ఎంత తగ్గిందో ఇప్పుడు తలుచుకుంటే నాకే అనుమానము. ఈ మందును వ్యవసాయములో వాడకుండా నిషేధించే ముసాయిదాను కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ప్రకటించింది. ఎండాకు తెగులు ఉన్న చోట దానిని తట్టుకునే రకము వేయవలెను. హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు మన సాంబ మసూరిలోనే మూడు నిరోధక జన్యువులు చేర్చి ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని తయారు చేసినారు. గింజ సన్నము అట్లాగే ఉన్నది. తెగులు కనిపించిన మడిలో యూరియా పైపాటుగా వేయడము ఆపి, వీలైతే నీరు తీసి ఆరగట్టవలెను. అంతకన్న నాలుగు పొట్లాలు చల్లితే తృప్తిగా ఉంటుంది నిజమే, కాని అది తృప్తే.

ఇక పొదుగువాపు. ఈ వ్యాధిని రానీయకపోవడమే యాంటిబయాటిక్కును తగ్గించే అసలు మార్గము. పాలు పితికే ముందు పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడవవలెను. ఒకే గుడ్డ అన్ని పశువులకు వాడితే ఆ గుడ్డే జబ్బును మోస్తుంది. మొదటి రెండు మూడు ధారలు నల్లని గుడ్డ మీద గాని, నల్లని పళ్లెములో గాని పితికి చూడవలెను. నలుసులు, పీచులు కనిపిస్తే ఆ పశువును అన్నింటి తరువాత చివరకు పితకవలెను. పితకడము పూర్తికాగానే చనుకట్లను పోవిడోన్ అయోడిన్ ద్రావణములో ముంచవలెను. ఆపైన పశువును అరగంట పడుకోనీయకూడదు. పాలు తీసిన తరువాత చనుకట్టు రంధ్రము అంతసేపు తెరుచుకునే ఉంటుంది, పేడలో పడుకుంటే క్రిమి నేరుగా లోపలికి పోతుంది. అందుకని పితికిన వెంటనే ముందు గడ్డి వేయండి. నిలబడి తింటుంది.

తొలిదశలో, పశువుకు జ్వరము లేనప్పుడు, వాపు కొద్దిగా ఉన్నప్పుడు, జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ వారు ప్రచారము చేస్తున్న పైపూత ఒకటి ఉన్నది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నము 15 గ్రాములు కలిపి మెత్తగా నూరితే ఎర్రని ముద్ద అవుతుంది. పొదుగు కడిగి, పాలు పూర్తిగా తీసి, పిడికెడు ముద్దను నీళ్లలో పలచగా కలిపి పొదుగంతా పూయవలెను. రోజుకు పది సార్ల వరకు, అయిదు రోజులు. ఏ రోజు ముద్ద ఆ రోజే నూరుకోవలెను. ఓపిక పని. జ్వరము ఉన్నా, మేత మానినా, పాలలో రక్తము గాని చీము గాని వచ్చినా పైపూతతో కాలము గడపక వెంటనే పశువైద్యుని పిలవవలెను. మందు అవసరమైనప్పుడు వాడవలసినదే, ఆ మాటలో సందేహము లేదు. వీలైన చోట పాల నమూనా ముందు తీయించి, ఏ మందు పనిచేస్తుందో తెలుసుకుని, చెప్పిన మోతాదు చెప్పినన్ని రోజులు వేయించవలెను. గాలికుంటుకు, కోళ్లలో కొక్కెర తెగులుకు, రొయ్యలలో తెల్లమచ్చకు యాంటిబయాటిక్కు పనిచేయదు. అవి వైరస్ జబ్బులు. గొంతువాపు, జబ్బవాపులకు వానలకు ముందే టీకా వేయిస్తే ఆ మందుల ఖర్చే తప్పుతుంది.

మందు వేసిన పశువు పాలు సీసా మీద వ్రాసినన్ని రోజులు అమ్మకూడదు. మామూలుగా 3 నుండి 5 రోజులు, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఇంట్లో పాలు తోడుకోకపోతే మన ఆడవారు తోడును తిట్టుకుంటారు. మందు పడిన పాలు కూడా తోడుకోవు, ఆ తోడులోని మంచి క్రిములను మందు చంపివేస్తుంది గనుక. ఆ పాలు దూడలకు తాగించకూడదు, వాగులో పోయకూడదు. బావికి దూరముగా ఉన్న పెంటకుప్పలో పోసి కలిపివేయడము వాటన్నింటికన్న మేలు.

పెంటకుప్ప అన్నాను గనుక దాని దగ్గర కొంచెము ఆగుతాను. పచ్చి పేడను, కోళ్ల షెడ్డులో ఊకతో సహా ఎత్తిన ఎరువును తెచ్చినది తెచ్చినట్లు చేలో చల్లడము మన దగ్గర మామూలు. కృష్ణా, గోదావరి జిల్లాల చేపల చెరువులలోను కోళ్ల ఎరువు వేస్తారు. మందు, మందుకు లొంగని క్రిమి రెండూ కలిసి ప్రయాణము చేసే బండి అది. దానిని ఆపగలిగినది వేడి. ఎరువును వరిగడ్డి, పత్తి కట్టె ముక్కలు వంటి వాటితో కలిపి నాలుగైదు అడుగుల ఎత్తు, అంతే వెడల్పు కుప్పగా పోయవలెను. తేమ ఎంత ఉండవలెనంటే, గుప్పిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలవలెను, ధార కట్టకూడదు. సరిగా వేసిన కుప్ప రెండు మూడు రోజులలో 55 నుండి 60 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కుతుంది. ఉష్ణమాపకము లేకపోతే గడ్డపలుగు నడిమి దాకా గుచ్చి పది నిమిషాలుంచి తీయండి. ఆ కొసను చేత్తో పట్టుకుని ఉండలేకపోతే వేడి చాలినట్లే. మూడు రోజులకు ఒకసారి బయటిది లోపలికి, లోపలిది బయటికి వచ్చేటట్లు తిప్పవలెను. పదిహేను రోజులలో అయిదు సార్లు. తిప్పకపోతే పై పొరలో క్రిములు హాయిగా ఉంటవి. తరువాత నెల రెండు నెలలు మాగనిచ్చి పొలానికి తోలవచ్చు.

దీనితో అన్నీ పోతాయని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. వేడికి జబ్బు క్రిములు చాలా వరకు చస్తవి. టెట్రాసైక్లిన్ వంటి మందులు చాలా భాగము విరిగిపోతవి. సిప్రోఫ్లాక్ససిన్ జాతి మందులు మాత్రము మట్టి రేణువులకు అంటుకుని చాలా కాలము నిలుస్తవి. కుప్పలో వేయవలసిన మందే తగ్గితే తప్ప వాటికి వేరే ఉపాయము లేదు. గోబర్ గ్యాసు తొట్టిలోనుండి వచ్చిన ముద్దకు కూడా ఈ వేడి తగలదు గనుక దానిని కూడా కుప్పలో వేసి మాగబెట్టవలెను. కొత్తిమీర, పాలకూర, ముల్లంగి వంటి పచ్చిగా తినే పంటల మడిలో మాగని ఎరువు వేయనే వేయకూడదు. వేసి ఉంటే కోతకు నాలుగు నెలల ఎడము ఉండవలెను.

ఇదంతా చేస్తే ఫలము ఉంటుందా అని మీకు అనిపించవచ్చు. చైనాలో పందులు త్వరగా బరువు పెరగడానికి మేతలో కొలిస్టిన్ కలిపేవారు. అన్ని మందులు విఫలమైనప్పుడు వైద్యులు చివరగా చేతబట్టే మందు అది. దానికి లొంగని గుణము క్రిమి నుండి క్రిమికి దాటుతున్నదని 2015 లో ఆ దేశములోనే బయటపడింది. 2017 లో మేతలో కలపడము నిషేధించినారు. తరువాత కొద్ది ఏళ్లలోనే పందులలోను, మనుషులలోను ఆ లొంగని క్రిములు బాగా తగ్గినట్లు లెక్కలు వచ్చినవి. మన దేశములో కూడా 2019 జూలైలో ఆహారానికి పెంచే పశువులకు, కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించినారు. కోళ్ల మేత సంచి మీద ఏమి వ్రాసి ఉన్నదో చదివించుకోవడము, చీటీ లేకుండా అంగడిలో మందు కొనకపోవడము మీ చేతిలోని పనులు. 2019 లో ఒక్క ఏడాదిలో మందుకు లొంగని క్రిముల వలననే ప్రపంచములో 12 లక్షల 70 వేల మంది చనిపోయినారని అంచనా. వారిలో మన పల్లెల వారు ఎందరో వేరుగా లెక్క లేదు. చిన్న గాయము మానక పట్నము ఆసుపత్రిలో నెల రోజులుండి, పొలము తాకట్టు పెట్టి వచ్చినవారు మాత్రము ప్రతి ఊళ్లోను ఉన్నారు.

ఇందాక చెప్పిన గేదె రైతు ఈ సభలోనే వెనుక వరుసలో కూర్చుని ఉన్నాడు. పేరు చెప్పవద్దన్నాడు, చెప్పను. ఆయన దూడలకు ఆ పాలు పోయడము మానినాడు. పెంటకుప్పను బావి దగ్గర నుండి దిబ్బ మీదికి మార్చినాడు. రేపు ఉదయము ఏడు గంటలకు ఆ కుప్పనే మూడవసారి తిప్పుతున్నాము. చూడదలచినవారు రావచ్చు. గడ్డపలుగు, పార ఎవరివి వారు తెచ్చుకుంటే పని త్వరగా అవుతుంది. పాల నమూనా తీయించదలచినవారు శుభ్రమైన చిన్న సీసాను నీళ్లలో పది నిమిషాలు మరిగించి, ఆరబెట్టి, మూత బిగించి తీసుకురండి. ఏ చనుకట్టు పాలో సీసా మీద వ్రాయడము మరువవద్దు.